ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కే పాత కారు: రేడియేటర్ ఫ్యాన్‌ను వరుసగా పరీక్షించే పద్ధతి

ఏప్రిల్ వచ్చిందంటే పాత కార్లున్నవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "రేణిగుంట రోడ్డులో బండి బాగానే పోతోంది. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర కాసేపు ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఫ్యాన్ తిరగడం లేదు. మెకానిక్ మోటారు మార్చమంటున్నాడు. మార్చేయమంటారా?"

అప్పుడే వద్దు. ఫ్యాన్ తిరగలేదంటే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో ఫ్యాన్ పెద్ద కరెంటును ఆన్ చేసే డబ్బీ), థర్మో స్విచ్ (నీళ్ళు వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్), వైరు, ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి), మోటారు, వీటిలో ఏది పోయి ఉన్నా పోయి ఉండొచ్చు. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గినా ఫ్యాన్ తిరగదు. మోటారు వీటిలో ఖరీదైనది, దాన్ని చివర్లో అనుమానించాలి. ఒక మల్టీమీటరు, ఒక గంట ఓపిక ఉంటే తప్పు ఎక్కడుందో ఇంటి దగ్గరే తేలిపోతుంది.

కార్బ్యురేటర్ మారుతి 800, పాత జెన్ లాంటి, కరెంటుతో తిరిగే ఫ్యాన్ ఉన్న బండ్ల కోసం ఇది రాస్తున్నాను. పద్మిని, అంబాసిడర్ బండ్లకు ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. వాటి గురించి 10వ భాగంలో చెప్తాను.

1. రోడ్డు మీద వేడెక్కితే వెంటనే చేయాల్సినవి

ముల్లు ఎర్ర గీత వైపు పోతోందని గమనించగానే:

- ఏసీ ఆపేయండి.
- హీటరు ఉంటే ఫుల్ వేడి మీద పెట్టి, బ్లోయర్ ఫుల్‌గా తిప్పండి. ఎండలో అది కష్టమే, కానీ ఇంజిన్ వేడి కొంత అటు నుంచి బయటికి పోతుంది.
- నీడ ఉన్నచోట పక్కకు తీసి ఆపండి.
- ముల్లు ఎర్ర గీత దాటినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తున్నా వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకో కిలోమీటరులో షెడ్డు ఉంది కదా అని నడపొద్దు.

మారుతి 800 సిలిండర్ హెడ్ అల్యూమినియం. వేడెక్కిన బండిని అలాగే తోలితే హెడ్ వంగుతుంది, హెడ్డుకు, ఇంజిన్ బ్లాకుకు మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. ఫ్యూజుతో తేలాల్సిన పని ఇంజిన్ విప్పేదాకా పోయేది అక్కడే.

బానెట్ ఎత్తాక రేడియేటర్ మూత జోలికి పోవద్దు. లోపల నీళ్ళు ప్రెషర్ మీద ఉంటాయి. 0.9 క్యాప్ (0.9 బార్ ప్రెషర్ దాకా ఆపే మూత) ఉన్న రేడియేటర్‌లో నీళ్ళు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉండగలవు. మూత తీసిన క్షణంలో ప్రెషర్ పడిపోయి, ఆ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. గుడ్డ వేసి తిప్పినా చేయి కాలుతుంది. రేడియేటర్ పై హోస్ పైపును చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయేదాకా ఆగండి. ఎండాకాలంలో ముప్పావు గంట కూడా పట్టొచ్చు.

నీళ్ళు పోయాల్సివస్తే ఇంజిన్ చల్లారాకే పోయండి, అది కూడా కొద్దికొద్దిగా. కాలుతున్న హెడ్డులోకి బాటిల్ చల్లనీళ్ళు ఒక్కసారిగా పోస్తే హెడ్డు చిట్లే ప్రమాదం ఉంది.

2. ఎక్కడ వేడెక్కిందో ముందు రాసుకోండి

సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మొదట చెప్పాల్సింది ఇదే.

*సిగ్నల్ దగ్గర, టోల్‌గేట్ క్యూలో, నిలబెట్టి ఇంజిన్ తిప్పినప్పుడు వేడెక్కి, బండి కదలగానే ముల్లు దిగుతోంది:* అనుమానం ఫ్యాన్ మీదే. రోడ్డు మీద 50, 60 వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి.

*శ్రీకాళహస్తి వైపు హైవే మీద 70, 80లో పోతుంటే వేడెక్కుతోంది:* ఫ్యాన్‌ను వదిలేయండి. రేడియేటర్ పూడుకుపోయిందా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్ళను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకుంటోందా, వాటర్ పంపు, ఇగ్నిషన్ టైమింగ్ సరిగ్గా ఉన్నాయా అన్నది చూడాలి.

*భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో మాత్రమే వేడెక్కుతోంది:* రెండూ కావొచ్చు. సెకండ్ గేరులో లారీ వెనక పాకుతున్నప్పుడు ఇంజిన్ మీద లోడు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. కాస్త మందగించిన ఫ్యాన్, కొంచెం పూడుకున్న రేడియేటర్ ఊళ్ళో బయటపడవు, ఘాట్‌లోనే బయటపడతాయి.

*చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడుతోంది:* గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఫ్యాన్ పరీక్షలతో టైము వృథా చేయకుండా నేరుగా 9వ భాగానికి వెళ్ళండి.

3. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

- మల్టీమీటరు. వోల్టులు, కంటిన్యుటీ బజర్ (దారి తెగకుండా ఉంటే మోగేది) ఉంటే చాలు. మామూలు రకం సరిపోతుంది.
- రెండు మీటర్ల వైరు ముక్కలు రెండు, చివర క్లిప్పులతో. ఒకదానికి మధ్యలో 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు.
- అదే రేటింగ్ ఉన్న విడి ఫ్యూజులు.
- గరుకు కాగితం, 10, 12 నంబరు పానాలు, స్క్రూ డ్రైవరు.
- ఒక అగరుబత్తి. ఎందుకో 8వ భాగంలో తెలుస్తుంది.

4. చల్లని ఇంజిన్ మీద కంటితో చూసేవి

పొద్దున్నే బండి తీయకముందు చూడండి.

రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు మెడ దాకా ఉండాలి. పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళున్నాయి కదా అని ఊరుకోవద్దు. మూత రబ్బరు పాడైతే డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీ అవుతుంది.

చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ఫ్యాన్‌ను ఆన్ చేసే థర్మో స్విచ్ నీళ్ళలో మునిగి ఉంటేనే ఆ వేడిని పట్టగలదు. నీళ్ళు తగ్గి, స్విచ్ చుట్టూ గాలి చేరితే ఇంజిన్ కాలిపోతున్నా స్విచ్‌కు తెలియదు. ఫ్యాన్ బాగున్నా, స్విచ్ బాగున్నా ఫ్యాన్ తిరగదు. అందుకే నీళ్ళు నింపకుండా కరెంటు పరీక్షలు మొదలుపెట్టొద్దు.

తర్వాత ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పండి. బ్యాటరీ మైనస్ తీసేశాకే వేలు పెట్టాలి. కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. రెక్క సులువుగా తిరగాలి. బిర్రుగా ఉన్నా, గరగరమన్నా మోటారు బుష్‌లు అరిగినట్టు. రెక్క తిరిగి, మోటారు ఇరుసు తిరగకపోతే మధ్యలో పట్టు పోయిందన్నమాట.

రేడియేటర్ రేకుల మధ్య మట్టి, పురుగులు, దూది ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, నెమ్మదైన నీటి ధారతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. ఏసీ ఉన్న బండిలో అసలు చెత్త కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య ఉంటుంది. ముందు నుంచి చూస్తే కనిపించదు.

5. ఫ్యాన్‌కు కరెంటు డైరెక్ట్ ఇచ్చి చూడండి

ఈ ఒక్క పరీక్షతో మోటారు తప్పో కాదో తేలిపోతుంది.

1. ఫ్యాన్ మోటారు దగ్గర ప్లగ్గు ఊడదీయండి.
2. ఫ్యూజు ఉన్న వైరును బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్‌కు, రెండో వైరును మోటారు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కలపండి. చేతులు, చొక్కా ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉండాలి.
3. ఫ్యాన్ గట్టిగా, ఒకే వేగంతో తిరిగితే మోటారు బాగుంది. 6వ భాగానికి వెళ్ళండి.
4. అసలు తిరగకపోతే స్క్రూ డ్రైవరు పిడితో మోటారు వెనక మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే కార్బన్ బ్రష్షులు అరిగాయి. ఆటోనగర్‌లో వైండింగ్ పనిచేసేవాళ్ళు చాలా మోటార్లకు బ్రష్షులు వేసిస్తారు.
5. ఫ్యూజు వెంటనే కాలిపోతే మోటారు లోపల షార్ట్ అయింది, లేదా బుష్ పట్టేసింది. అలాంటి మోటారును మార్చాల్సిందే.

కాలిన ఫ్యూజు స్థానంలో పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం ఎప్పుడూ చేయొద్దు. పాత బండ్ల వైర్ల పైపూత అప్పటికే ఎండి పెళుసుగా ఉంటుంది. ఫ్యూజు కాలాల్సిన చోట వైరింగే అంటుకుంటుంది.

6. ఫ్యూజు, రిలే, థర్మో స్విచ్

మోటారు బాగుందని తేలాక, ఊడదీసిన మోటారు ప్లగ్గు, బ్యాటరీ మైనస్ మళ్ళీ పెట్టి ఈ వరుసలో వెనక్కి వెళ్ళండి.

ఫ్యూజు: కంటితో చూసి బాగుందనుకోవద్దు. తాళం ఆన్ చేసి, ఫ్యూజుకు రెండు వైపులా మీటరు పెట్టండి. రెండు చోట్లా 12 వోల్టులు రావాలి. ఫ్యూజు పట్టుకునే రేకులు నల్లబడి ఉంటే గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

థర్మో స్విచ్: బండిని బట్టి ఇది థర్మోస్టాట్ గూడు దగ్గరో, రేడియేటర్ ట్యాంకుకో ఉంటుంది. డాష్‌బోర్డు ముల్లుకు సమాచారం ఇచ్చే సెన్సర్ వేరు, ఇది వేరు. రెండూ దగ్గరదగ్గరగా ఉండే బండ్లలో ముల్లు సెన్సర్ మార్చి, ఫ్యాన్ ఇంకా తిరగలేదని మళ్ళీ షాపుకు పోతుంటారు. వైరు ఎటు పోతోందో చూసుకుని పట్టుకోండి.

స్విచ్ ప్లగ్గు తీసి, తాళం ఆన్ చేయండి. రెండు వైర్ల రకమైతే ఆ రెండు వైర్లను చిన్న ముక్కతో కలపండి. ఒకే వైరు ఉంటే దాన్ని ఇంజిన్ బాడీకి తాకించండి. ఫ్యాన్ తిరిగితే తప్పు స్విచ్‌దే.

కొత్త స్విచ్ కొనే ముందు పాతదాన్ని ఖాయంగా పరీక్షించాలంటే దాన్ని విప్పి, పాత గిన్నెలో నీళ్ళు పోసి, కొస మాత్రమే మునిగేలా వేలాడదీసి వేడి చేయండి. మీటరు బజర్ మీద పెట్టండి. స్విచ్ మీద రాసి ఉన్న డిగ్రీల దగ్గర, అంటే మామూలుగా 90ల్లో, బజర్ మోగాలి. మంట ఆపాక కొన్ని డిగ్రీలు దిగగానే ఆగాలి. నీళ్ళు తెర్లుతున్నా మోగకపోతే మార్చండి. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడొద్దు.

రిలే: స్విచ్ వైర్లు కలిపినప్పుడు రిలే "టక్" మన్నా ఫ్యాన్ తిరగకపోతే, రిలే లోపలి పాయింట్లు కాలి ఉండొచ్చు. దాని స్థానంలో అదే రకం రిలే పెట్టి చూడటం తేలిక. అసలు టక్కుమనకపోతే రిలేకు కరెంటు వస్తోందో లేదో మీటరుతో చూడండి.

7. ఎర్త్: పాత బండ్లలో అసలు దొంగ

దీని మీద ఎక్కువ చెప్పక తప్పదు. ఫ్యాన్ అసలు తిరగని బండ్లకంటే నీరసంగా తిరిగే బండ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు. రేడియేటర్ విప్పి కడుగుతారు, థర్మోస్టాట్ పీకేస్తారు, బండి మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది.

టింకరింగ్, పెయింటింగ్ చేయించి కొత్తదానిలా తయారుచేసిన ఒక మారుతి 800 నా కళ్ళముందే ఇలా సతాయించింది. మోటారు కొత్తది వేశారు. అయినా ఫ్యాన్ ఈసురోమంటూ తిరుగుతోంది. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12 వోల్టులు దాటి ఉంది, మోటారు దగ్గర పది కూడా లేదు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పితే కింద మెరిసే పెయింటు. రేకుకు, వైరు రింగుకు మధ్య ఆ పెయింటు పొర అడ్డుగా నిలబడింది. గీకి, రేకు తెల్లగా కనిపించాక బిగిస్తే ఫ్యాన్ మోత మారిపోయింది.

మీరూ ఇలా కొలవండి. ఫ్యాన్ తిరుగుతుండగానే కొలవాలి, ఆగి ఉన్నప్పుడు కొలిస్తే తప్పు బయటపడదు.

1. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి.
2. ఒక మొన మోటారు మైనస్ వైరుకు, రెండోది బ్యాటరీ మైనస్ పోలుకు. 0.3 వోల్టు లోపు రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో తప్పుంది.
3. తర్వాత ఒక మొన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది మోటారు ప్లస్‌కు. ఇక్కడా అర వోల్టు లోపే ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజు రేకులు, రిలే పాయింట్లు, ప్లగ్గులు ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉన్న ప్లగ్గు దగ్గరే తప్పు.
4. ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు, పచ్చటి చిలుము గీకి బిగించాక పైన కాస్త గ్రీజు రాయండి.

8. గాలి ఎటు పోతోంది?

ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు ఉంటే ముందు నుంచి గాలిని లోపలికి లాగాలి. ప్లగ్గు ఊడిపోయి వైర్లు మెలిపెట్టినచోట ప్లస్, మైనస్ తారుమారైతే డీసీ మోటారు ఉల్టా తిరుగుతుంది. అప్పుడు ఫ్యాన్ వేడిగాలిని ముందుకు తోస్తుంది, ఎదురుగాలి వెనక్కి తోస్తుంది. బండి ఆగి ఉన్నప్పటికంటే మెల్లగా నడుస్తున్నప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది.

ఫ్యాన్ తిరుగుతుండగా అగరుబత్తి వెలిగించి గ్రిల్ ముందు పట్టుకోండి. పెట్రోలు వాసన గానీ, లీకు గానీ ఉంటే అగరుబత్తి జోలికి పోకుండా కాగితమే వాడండి. పొగ తీగలా సాగి గ్రిల్ లోపలికి పోవాలి. కాగితమైతే గ్రిల్‌కు అతుక్కుని నిలవాలి. పొగ మీ వైపు వస్తే మోటారు దగ్గర రెండు వైర్లు అటూ ఇటూ మార్చండి.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడును అడ్డమని పీకేసిన బండ్లు చాలా ఉన్నాయి. అది లేకపోతే రెక్కలకు ఎదురుగా ఉన్న భాగం నుంచే గాలి వస్తుంది, మూలలు వేడిగానే ఉండిపోతాయి. దొరికితే తప్పకుండా తిరిగి పెట్టించండి.

8.1. డైరెక్ట్ స్విచ్ పెట్టించాలనుకుంటే

డాష్‌బోర్డులో బటన్ పెట్టి ఫ్యాన్‌ను చేత్తో ఆన్ చేసుకునే ఏర్పాటు మన దగ్గర మామూలే. అది దారిలో అవసరానికి పనికొస్తుంది. నా సలహా మాత్రం థర్మో స్విచ్‌ను అలాగే ఉంచి, బటన్‌ను దానికి సమాంతరంగా కలపమని. అప్పుడు మీరు మర్చిపోయినా ఫ్యాన్ దానంతట అది తిరుగుతుంది.

ఫ్యాన్ కరెంటు మొత్తం ఆ చిన్న బటన్ గుండా పోనివ్వొద్దు, రిలే వాడాలి. థర్మో స్విచ్ ఎర్త్ ఇచ్చే రకమైతే కలిపే తీరు ఇది (30, 87 లాంటివి రిలే కాళ్ళ నంబర్లు):

- 30: బ్యాటరీ ప్లస్ నుంచి, బ్యాటరీ దగ్గరే 20 ఆంపియర్ల ఫ్యూజుతో
- 87: ఫ్యాన్ మోటారు ప్లస్‌కు
- 86: తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చే వైరుకు
- 85: థర్మో స్విచ్‌కు, బటన్ ఒక కొసకు. బటన్ రెండో కొస ఎర్త్‌కు.

30, 87 వైర్లు 2.5 స్క్వేర్ ఎంఎం ఉండాలి. మోటారు మైనస్‌కు కూడా అంతే మందం.

9. ఫ్యాన్ బాగున్నా వేడెక్కుతుంటే

థర్మోస్టాట్: ఇంజిన్ వేడెక్కాక పై హోస్ కాలిపోతూ, కింది హోస్ చల్లగా ఉంటే అది తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ లోపల పూడుకుంది. విప్పి వేడినీళ్ళలో వేసి చూడండి, 82 రకమైతే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. పాడైతే కొత్తది వేయండి. తీసేసి వదిలేయడం పరిష్కారం కాదు. ఇంజిన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

రేడియేటర్ పూడిక: మన తిరుపతి, చిత్తూరు వైపు చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పునీళ్ళు. ఏళ్ళ తరబడి అవే పోస్తే బిందెలో కట్టినట్టు లోపలా తెల్లటి పొర కడుతుంది. ట్యూబులు మూసుకున్న ఇత్తడి రేడియేటర్‌ను విప్పి రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీలు దూర్చి పూడిక తీయడం) చేయించొచ్చు. తర్వాత బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సగం సగం కలిపి పోయండి. రెండు రకాల కూలెంట్లు కలపొద్దు. తీసిన పాత కూలెంటును వాకిట్లో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, ఆవులు నాకితే చచ్చిపోతాయి.

గాలి బుడగ: నీళ్ళు మార్చాక మూత తీసి, హీటరు వేడి మీద పెట్టి, చల్లని ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో తిప్పండి. పై హోస్ వేడెక్కి, మెడ దగ్గర బుడగలు ఆగేదాకా నీళ్ళు నింపుతూ ఉండి, అప్పుడు మూత బిగించండి.

గ్యాస్కెట్: బుడగలు ఎంతసేపటికీ ఆగకపోయినా, సైలెన్సర్‌లో తెల్లపొగ తగ్గకపోయినా, ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపించినా ఇక తోలొద్దు. బండిని కట్టి లాక్కెళ్ళండి.

10. పద్మిని, అంబాసిడర్ బండ్లకు

ఫ్యాన్, వాటర్ పంపు ఒకే బెల్టు మీద తిరుగుతాయి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు లోపలికి పోవాలి. ఎక్కువ పోతే వదులు. లోపలి వైపు అద్దంలా మెరుస్తున్నా, పగుళ్ళున్నా మార్చేయండి. ఐడ్లింగ్ మరీ తక్కువ పెట్టినా ఈ బండ్లు సిగ్నల్ దగ్గర వేడెక్కుతాయి, ఫ్యాన్ వేగం ఇంజిన్ వేగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి. అదనంగా కరెంటు ఫ్యాన్ పెట్టించే ముందు, మీ డైనమో ఆ లోడు మోయగలదా అని ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

11. ఘాట్ ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

మొదటి పరీక్ష ఇంటి ముందే. మధ్యాహ్నం ఎండలో బండి నిలబెట్టి ఇంజిన్ నడపండి. ముల్లు మధ్యకు వచ్చి కాస్త దాటాక ఫ్యాన్ ఆన్ అవ్వాలి, ముల్లు దిగాక ఆగాలి, మళ్ళీ ఆన్ అవ్వాలి. ఇలా మూడుసార్లు జరిగేదాకా చూడండి. ఫ్యాన్ ఒకసారి ఆన్ అయ్యి ఇక ఆగకపోతే రేడియేటర్ చాలడం లేదు, లేదా స్విచ్ అతుక్కుపోయింది.

తర్వాత ఊళ్ళో సాయంత్రం రద్దీలో ఒక చుట్టు. అది కూడా నెగ్గాకే చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్‌కు, చిత్తూరు వాళ్ళైతే పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌కు వెళ్ళండి. తిరుమల ఎక్కాలనుకుంటే, మీ బండి మోడల్‌ను ఘాట్ రోడ్డులోకి అనుమతిస్తారో లేదో అలిపిరిలో ముందే కనుక్కోవాలి.

బయలుదేరే ముందు:

- రేడియేటర్ మెడ దాకా, డబ్బా గీత దాకా నీళ్ళు
- హోస్ పైపుల క్లిప్పులు బిగువుగా, ఎక్కడా తడి లేకుండా
- ఫ్యాన్ గాలి లోపలికి
- డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ళు, రెండు ఫ్యూజులు, ఒక రిలే, క్లిప్పుల వైర్లు, మందపాటి గుడ్డ
- ఏసీ ఆపి ఎక్కడం, కింది గేరులో ఒకే వేగంతో పోవడం

ఎక్కాక వెంటనే ఇంజిన్ ఆపేయకుండా రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. మరుసటి రోజు పొద్దున, ఇంజిన్ చల్లారాక మూత తీసి నీళ్ళు ఎంత తగ్గాయో చూడండి. మెడ కనిపించేంత తగ్గితే ఎక్కడో లీకుంది, వాటర్ పంపు కింద నుంచి వెతకడం మొదలుపెట్టండి.